పొగ ఆగిందని సాక్ష్యం చెప్పాను

బ్రీదరు పైపుకు ఎలాంటి ఆయిల్ డబ్బా పెట్టించాలో అడగడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వస్తుంటారు. నేను పానా పట్టడం మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్లు వంగవు, చత్వారం ముదిరింది. అయినా వస్తారు. వేగం కోసం ఇంజన్ పని చేయించుకున్న కుర్రవాళ్లు కొందరు, వాళ్ల కార్లు చూసే మెకానిక్కులు కొందరు. ఫోనులో నిగనిగలాడే డబ్బాల బొమ్మలు చూపించి "వీటిల ఏది తీస్కోవాలె అంకుల్" అంటారు.

నాకు తెలిసినంతవరకు చెప్పి పంపిస్తాను. కానీ చెప్పనిది ఒకటి ప్రతిసారీ మిగిలిపోతుంది. డబ్బా గురించి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఆ డబ్బా వల్ల నేను ఒక మనిషికి చేసిన అన్యాయం గురించి మాత్రం గుమ్మంలో నిలబడి చెప్పలేను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదవాలని నా కోరిక.

ఇంజన్ ఊపిరి

మా నాన్న నన్ను పాస్టరును చేయాలనుకున్నాడు. మిషన్ హాస్టల్లో చదివినన్నాళ్లూ బైబిలు వాక్యం కంఠతా పట్టించారు. అధ్యాయాలకు అధ్యాయాలు అప్పగించేవాణ్ని. లెక్కల్లో తప్పి, డెబ్బైల మొదట్లో ఖమ్మంలో వైరా రోడ్డు మీద ఖాదర్ మేస్త్రి షెడ్డులో చేరాను. నాన్న కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

ఖాదర్ మేస్త్రి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చదువు లేదు. ఇంజన్ మీద చెయ్యి వేసి జబ్బు చెప్పేవాడు. నాకు ఆయన నేర్పిన మొదటి విద్య రెంచీతో చేసేది కాదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయించి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టమన్నాడు.

"ఏమైతాంది?"

"గాలి తగులుతాంది మేస్త్రీ."

"గది దాని ఊపిరి. మెల్లగ తగిలితే మంచిగున్నట్టు. చెయ్యిని ఎత్తి పడేస్తున్నదంటే లోపల రింగులు వోయినట్టు. యాదికి పెట్టుకో."

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. సిలిండరులో పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు అంతా పిస్టనును నెట్టడానికే ఖర్చు కాదు. కొంత గ్యాసు పిస్టను చుట్టూ ఉండే రింగుల పక్క సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. అది బయటికి పోవడానికి ఒక పైపు ఉంటుంది. దాన్నే బ్రీదరు అంటాం. పోతూ పోతూ ఆ గ్యాసు సన్నటి ఆయిల్ తుంపరను వెంట తీసుకుపోతుంది. చాలా బండ్లలో ఆ పైపును మళ్లీ ఎయిర్ క్లీనరుకు కలుపుతారు. ఇంజన్ అరిగినా, మితిమీరి తొక్కినా ఆ తుంపర ఎక్కువై కార్బొరేటరు జిడ్డుకడుతుంది, సైలెన్సరు నీలం పొగ కక్కుతుంది. మధ్యలో ఒక డబ్బా పెడితే ఆయిల్ అందులో ఆగిపోతుంది. డబ్బా పని అంతే.

చేరిన రెండో ఏడు బీడీ ఆకు కాంట్రాక్టరు జీపు ఒకటి వచ్చింది. బ్రీదరు నుంచి కారే ఆయిల్‌తో బట్టలు పాడవుతున్నాయని డ్రైవరు గొణిగాడు. మేస్త్రి నమాజుకు వెళ్లాడు. నేను ఆ పైపుకు చెక్క బిరడా కొట్టి పంపించాను. డ్రైవరు నా భుజం తట్టి మరీ వెళ్లాడు. పాల్వంచ దాటకముందే వెనక ఆయిల్ సీలు తన్నుకుని ఆయిలంతా రోడ్డు మీద పడింది. జీపును లారీకి కట్టి లాక్కొచ్చారు. మేస్త్రి ఆ బిరడాను ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"ముక్కు మూస్తివి, నోరు మూస్తివి. ఇగ అది ఎటు నుంచి వదలాలెరా దావీదూ?"

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు వారం రోజులు నా వెంట తిరిగింది. ఆ తప్పు నుంచి నేను నేర్చుకున్నది గాలికి దారి ఉంచాలని మాత్రమే. అది సరిపోదని తర్వాత తెలిసింది.

డబ్బా కావాలనేవారికి

మెరుపు చూడకండి. లోపల ఏముందో చూడండి. ఉత్త ఖాళీ సీసా అయితే గ్యాసు ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి ఆయిల్‌తో సహా వెళ్లిపోతుంది. లోపల దానికి ఏదో ఒకటి అడ్డు తగలాలి. చిల్లుల రేకు ఉండాలి, దాని మీద జాలీ ఉండాలి. జాలీకి ఇనుప పీచు వాడకండి. అది తునకలై ఇంజన్‌లోకి పోతుంది. గిన్నెలు తోమే ఇత్తడి పీచు నయం.

డబ్బా మూతి బ్రీదరు పైపు కంటే సన్నగా ఉండకూడదు. సన్నగా ఉంటే నా బిరడాకూ దానికీ పెద్ద తేడా లేదు. అడుగున ఒక కుళాయి ఉండాలి, ఆయిల్ ఎంత నిండిందో బయటికి కనిపించాలి. ఎగ్జాస్టు వేడికి దూరంగా, ఇంజన్ చల్లగా ఉండే పక్క బిగించాలి. చోటు లేదని వేడి పక్క బిగిస్తామనే మెకానిక్కు దగ్గర మీ బండి ఉంచకండి.

వీటన్నిటి కంటే ముందు చేయాల్సినది ఇంకొకటి ఉంది. డబ్బా కొనకముందు ఆయిల్ మూత తీసి అరచెయ్యి పెట్టి చూడండి. వీలైతే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి ఎంతుందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు డబ్బా శుభ్రతనిస్తుంది. జబ్బుపడ్డ ఇంజన్‌కు అది ముసుగు వేస్తుంది. ఈ మాట నాకు తెలియక కాదు నేను తప్పు చేసింది.

మురళి బాబు కారు

ఎనభైల్లో ఖాదర్ మేస్త్రి షెడ్డు నాకు అప్పగించాడు. తాను మాత్రం రోజూ పొద్దున వచ్చి వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆ రోజుల్లోనే కల్లూరు నుంచి మురళి బాబు వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం వాళ్లది. మిరప, పత్తి వేసేవారు. అప్పటికి ఇరవై ఆరేళ్లుంటాయేమో. వ్యవసాయం చూసుకుంటూనే కారు పిచ్చి. మద్రాసులో చదివినప్పుడు రేసులు చూశాడట. ఆ పక్క జరిగే ఒక మోటారు ర్యాలీలో తానూ పాల్గొనాలని పట్టుదల. ఇంట్లో వాళ్ల నాన్నను రెండేళ్లు బతిమాలి ఒక్కసారికి ఒప్పించాడు. ఆ ఒక్కసారి బాగా నడిపితే పై ఏడు ఒక పెద్ద జట్టు తనను తీసుకుంటుందని ఆశ.

వాడుకలో ఉన్న చిన్న కారునే తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. సిలిండర్ల బోరు పెంచాం. లోపల ఒత్తిడి పెరగడానికి హెడ్డు చెక్కించాం. ఒకటికి రెండు కార్బొరేటర్లు పెట్టాం. ఇల్లందు, టేకులపల్లి మధ్య అడవి రోడ్డు మీద నడిపి చూసేవాళ్లం. ఎర్రమట్టి, మలుపులు, చిన్న చిన్న ఘాట్లు. ఆ కారు ఎక్కుతుంటే నాకు కూడా గుండె ఉప్పొంగేది.

రెండు నెలలకే నీలం పొగ మొదలైంది. మురళి బాబు విదేశీ పత్రిక నుంచి చింపిన ఒక కాగితం తెచ్చాడు. అందులో అల్యూమినియం డబ్బా బొమ్మ.

"మేస్త్రి గారూ, రేసు కార్లన్నిటికీ ఇది ఉంటుందంట. మద్రాసులో ఒకాయన దగ్గర ఉంది. తెప్పించమంటారా?"

"తెప్పిచ్చుడెందుకు బాబూ. నేనే చేస్త."

అతను తెలిసినవాళ్ల ద్వారా ఆ మద్రాసు డబ్బాను కూడా తెప్పించి నా ముందు పెట్టాడు. విప్పి చూపించాను. లోపల ఏమీ లేదు, మూతి చిటికెన వేలంత. పక్కన పెట్టించాను. అంతవరకు నా ఎంపికలో తప్పు లేదు. పాత లారీ ఫిల్టరు గిన్నె తీసుకుని, చిల్లుల రేకు అతికించి, ఇత్తడి పీచు కూరి, అడుగున కుళాయి, పక్కన పారదర్శకంగా ఉండే గొట్టం పెట్టి రెండు రోజుల్లో తయారు చేశాను. చేసేముందు మోకాళ్లూని ప్రార్థించాను. ఆ డబ్బా చూస్తే ఇప్పటికీ తప్పు పట్టలేరు.

బిగించిన రోజు నుంచే పొగ ఆగిపోయింది. మురళి బాబు కారు వెనక నిలబడి సైలెన్సరు ముందు తెల్ల రుమాలు పట్టుకున్నాడు. రుమాలు తెల్లగానే ఉంది. నన్ను కావలించుకున్నాడు.

స్టూలు మీది నుంచి ఖాదర్ మేస్త్రి అడిగాడు. "పొగ బందైంది. బీమారీ బందైందా?"

"చూస్త మేస్త్రీ."

"చెయ్యి పెట్టి చూసినవా?"

చూడలేదు. రేపు చూద్దామనుకున్నాను. మధ్యలో ఆదివారం వచ్చింది.

సాక్ష్యం

మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాలకు సమయం ఇస్తారు. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా నిలబడి చెప్పవచ్చు. నేను పెద్దల్లో ఒకణ్ని. ఆ రోజు లేచి నిలబడ్డాను. చదువులేని ఈ దాసుడికి, ఎవరూ నేర్పని పనిని దేవుడు ప్రార్థనలో చూపించాడని చెప్పాను. పొగ కక్కుతున్న ఇంజన్ బాగైందని చెప్పాను. సంఘం చప్పట్లు కొట్టి స్తుతించింది. పాస్టరు గారు ఆ వారమంతా ఇంటి ప్రార్థనల్లో నా పేరు చెప్పారు. చేతిపనిలో కూడా దేవుని ఘనపరచవచ్చని నన్ను ఉదాహరణగా చూపించారు.

నేను బాగైందన్న మాట వాడాను. పొగ ఆగిందని మాత్రమే నాకు తెలుసు. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక మెకానిక్కుకు తెలియకపోవడమనేది ఉండదు.

ఇంటికి వచ్చాక నా భార్య మార్తమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"డబ్బా ఎన్నొద్దులకోసారి నిండుతదో గది గూడ చెప్పినవా?"

"గది సాక్ష్యంల ఎందుకు చెప్తరే."

"ఏమో. సగం చెప్తే గూడ సాక్ష్యమేనా అని అడిగిన."

నవ్వి ఊరుకున్నాను. మరునాడు సోమవారం షెడ్డుకు వెళ్లి ఒంటరిగా ఉన్నప్పుడు ఆయిల్ మూత తీసి అరచెయ్యి పెట్టాను. గాలి చెయ్యిని పైకి ఎత్తింది. ఒక సిలిండరు దగ్గర ఊపు తప్పుతోంది. అరచెయ్యి తడిసింది. హెడ్డు ఎక్కువ చెక్కించడం వల్ల, ఎత్తులు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమని కొట్టుకుంటున్నా తొక్కనివ్వడం వల్ల పిస్టనుకు ఏదో అయిందని నాకు అర్థమైంది. చెయ్యి గుడ్డకు తుడుచుకుని మూత బిగించేశాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ర్యాలీకి ఇంకా పన్నెండు రోజులుంది. ఇంజన్ దింపి, విజయవాడ నుంచి పిస్టన్లు తెప్పించి, మళ్లీ ఎక్కించడానికి నాలుగు రోజుల పని. సమయం చాలదని చెప్పడానికి లేదు. మురళి బాబు కోప్పడే మనిషి కూడా కాదు. ఇంజన్ విప్పితే విప్పినట్టు ఊరంతా తెలుస్తుంది. వాకిట్లో మేస్త్రి చూస్తాడు. దేవుడు బాగు చేశాడని నేను చెప్పిన ఇంజన్‌ను ఎందుకు విప్పావని సంఘంలో అడుగుతారు. నా పరువు పోతుందని అనుకోలేదు నేను. దేవుని నామానికి మచ్చ వస్తుందనుకున్నాను. అలా అనుకుంటే భయం కూడా భక్తిలాగే కనిపిస్తుంది. ర్యాలీ అయ్యేదాకా ఇంజన్‌ను నిలబెట్టమని రోజూ ప్రార్థించాను. నేను చేయాల్సిన నాలుగు రోజుల పనిని దేవుని మీద పెట్టాను.

మురళి బాబు ఒక పొద్దున అడిగాడు.

"మేస్త్రి గారూ, మొదట్లో రెండు రోజులకు ఒక గ్లాసు వచ్చేది. నిన్న ఖాళీ చేశాను, ఇవాళ్టికి సగం డబ్బా నిండింది. ఏం ఫర్వాలేదు కదా?"

"ఏం గాదు బాబూ. పట్టుకునేదందుకే గద డబ్బా."

"మీరు చెప్పారంటే ఇంక ఆలోచించను" అన్నాడు.

టేకులపల్లి దగ్గర

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు చివరిసారి నడిపి చూద్దామని మధ్యాహ్నం వెళ్లాం. నేను పక్క సీటులో ఉన్నాను. ఇల్లందు దాటాక ఆయన పూర్తిగా తొక్కాడు. టేకులపల్లికి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక ఎత్తు మీద ఇంజన్ లోపల టప్‌మని చప్పుడైంది. వేగం తగ్గింది. ఆయన గేరు మార్చి ఇంకా తొక్కాడు. ఆపమని నేను అనలేదు.

తర్వాత జరిగింది ఇంజన్ విప్పినప్పుడు తెలిసింది. పిస్టనుకు రింగు కూర్చునే అంచు విరిగిపోయింది. మండే గ్యాసు సగం కిందికే దూకింది. ఆ ఊపుకు ఆయిల్ అంతా బ్రీదరులోంచి తన్నుకొచ్చి డబ్బాను నింపి, పై మూతిలోంచి పొంగి, ఎర్రగా కాలుతున్న ఎగ్జాస్టు మీద పడింది. డబ్బాను చల్లటి పక్కే బిగించాను. అంత ఆయిల్ వస్తే ఏ పక్కన బిగించినా ఒకటే.

బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ వచ్చింది. కారు ఆపి ఆయన నాకంటే ముందు దిగాడు.

"ఆగు బాబూ, తెరవకు" అన్నాను. అప్పటికే రెండు చేతులతో బానెట్ ఎత్తాడు. లోపలికి గాలి తగిలి మంట భగ్గున లేచింది. ఆయన చేతులు తీయలేదు. డబ్బా పైపు పీకాలని లోపలికి పెట్టాడు. నేను వెనక్కి లాగి, ఎర్రమట్టి దోసిళ్లతో పోశాను. అడవిలో కట్టెలు కొడుతున్న ఇద్దరు కోయవాళ్లు పరుగున వచ్చి, వాళ్ల భాషలో ఏదో అనుకుంటూ ఆకుకొమ్మలతో కొట్టారు. మంట ఆరింది. అటుగా వచ్చిన బొగ్గు లారీలో ఆయన్ను కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయాను. దారిలో ఆయన ఒక్కసారే మాట్లాడాడు.

"కారు పోయిందా మేస్త్రి గారూ?"

"కారు బాగనే ఉంది బాబూ" అన్నాను. అది కూడా అబద్ధమే.

ప్రాణానికి ముప్పు రాలేదు. మూడు నెలలకు కట్లు విప్పారు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. కుడిచెయ్యి స్టీరింగు మీద ఆనుతుంది గానీ పట్టు చిక్కదు. ర్యాలీ ఆయన లేకుండానే జరిగింది. పై ఏడు కూడా జరిగింది. ఆయన మళ్లీ ఎప్పుడూ నడపలేదు.

ఆ కారును తెచ్చి నేనే విప్పాను. విరిగిన పిస్టను తీసి బల్ల మీద పెట్టాను. ఖాదర్ మేస్త్రి లేచి వచ్చి చూశాడు. విరిగిన అంచు మీద మసి పట్టి ఉంది. ఒక చోట పగులు పాతదని, ఒక చోట కొత్తదని మాకిద్దరికీ కనిపిస్తోంది.

"నీకు ఎరికేనా?" అని అడిగాడు.

"ఎరికే."

ఆయన తిట్టలేదు. మరునాటి నుంచి వాకిట్లోకి రావడం మానేశాడు. పండక్కి సేమియా పంపేవాడు, కబురు పెడితే మాట్లాడేవాడు. షెడ్డుకు మాత్రం రాలేదు.

చెప్పిన వరుస

దాదాపు ఏడాది పాటు సంఘంలో ప్రమాదం గురించి ఎవరు మాట్లాడినా శోధన అన్నారు, సాతాను పని అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. చివరికి నిద్ర పట్టక పాస్టరు గారిని అడిగి ఒక ఆదివారం లేచి నిలబడ్డాను. సోమవారం నాడు నా అరచేతికి తెలిసింది, అప్పటి నుంచి నేను దాచింది, ఏదీ వదలకుండా చెప్పాను. చాలామంది ఏడ్చారు. పెద్దలు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థించారు. నీ పాపం క్షమించబడింది, ఇక మోయవద్దు అన్నారు. ఇంటికి వెళ్లి హాయిగా పడుకున్నాను. ఆ నిద్ర గురించి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాతి నెల కల్లూరు వెళ్లాను. మురళి బాబు మిరప కల్లంలో ఉన్నాడు. ఎండబోసిన కాయలను కూలీలు తిరగేస్తున్నారు. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రండి మేస్త్రి గారూ. ఎండలో వచ్చారేంటి?"

నిలబడే అంతా చెప్పాను. నేను ఆపాక ఆయన అన్నాడు.

"నేను అడిగాను కదండీ. సగం డబ్బా వచ్చింది, ఫర్వాలేదా అని."

"అడిగిన్రు."

"ఫర్వాలేదన్నారు."

"అన్న బాబూ."

"ఇంజన్ విప్పుదామంటే విప్పేవాణ్ని. ర్యాలీకి ఈ ఏడు పోకపోయినా ఏడ్చి ఊరుకునేవాణ్ని." కూలీల వైపు ఒకసారి చూశాడు. "ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"చర్చిల చెప్పిన. పోయిన నెల. అందరి ముందట."

"ఏమన్నారు వాళ్లు?"

"ప్రార్థన చేసిన్రు. దేవుడు క్షమించిండు అన్నరు."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ముఖంలో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"చేతులు నావి కదా మేస్త్రి గారూ. నాకు చెప్పకముందే క్షమించడం కూడా అయిపోయిందా?"

బలిపీఠం దగ్గరికి వెళ్లేముందు నీ మీద నొచ్చుకున్నవాడి దగ్గరికి వెళ్లమన్న మాట నాకు హాస్టల్లో ఉన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఆదివారం బడిలో ఎన్నో ఏళ్లు పిల్లలకు నేనే నేర్పాను. వాళ్లచేత అప్పగింపు కూడా చేయించాను.

ఆయన టీ తెప్పించాడు. గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగాడు. తర్వాత కాయలు తిరగేసేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. క్షమించానని ఆ రోజు అనలేదు. తర్వాత ఎన్నోసార్లు వెళ్లాను, మర్యాదగా మాట్లాడేవాడు, పిల్లల గురించి అడిగేవాడు. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. అడిగే హక్కు నాకుందని నేనూ అనుకోలేదు.

షెడ్డు పెట్టుకోబోయే మీకు నేను చెప్పేది ఇదొక్కటే. మంచి డబ్బా ఎంచుకోవడం కష్టమేమీ కాదు, ఏడాది పని చేస్తే వస్తుంది. మీ అరచేతికి తెలిసినదాన్ని ఆ బండి తోలే మనిషికి ఆ రోజే చెప్పండి. ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. దేవునికి అది ముందే తెలుసు. తెలియనిది ఆ బండి తోలే మనిషి ఒక్కడికే.